ఇరవైకి ఇరవై

“ముప్పై ఎనిమిది మందికి ఒక్కటే ప్రశ్న తప్పు పోతదా? పాఠం ఒక్కలన్న సూసిండ్రా?”

బోధన్‌లో ఓ చిన్న కాలేజీ. కంప్యూటర్ ల్యాబులో బాపురావు సారు అగ్గి మీద గుగ్గిలమవుతున్నాడు. ఎవరైనా పైసా కట్టకుండా తెచ్చుకుని, తమకు కావలసినట్టు మార్చుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి మలిచింది ఆయనే. వ్యవసాయ డిప్లొమా పిల్లలకు పాఠాలు, పరీక్షలు, మార్కులు అన్నీ అందులోనే. నిన్నటి పరీక్షలో ఏడో ప్రశ్న గడి అందరికీ ఎర్రగా ఉంది. ఒక్క దీక్షితకే ఇరవైకి ఇరవై. దీక్షిత ఆయన కూతురు. పైకి అనకపోయినా సారు మొహం మతాబులా వెలుగుతోంది.

“ఫస్ట్ వచ్చింది గాబట్టి హైదరాబాద్ ట్రైనింగ్‌కు దీక్షితనే పంపుతున్న. ఇంక మాటల్లేవ్.”

కమ్మర్‌పల్లి నుంచి వచ్చే సింధూజ లేచింది. ఆ ట్రైనింగ్ మీద ఎన్ని ఆశలు పెట్టుకుందో పాపం.

“సార్, పసుపు ఎన్ని నెలల పంట అని అడిగిండ్రు. తొమ్మిది అని రాసిన. మా ఇంట్ల పండేదే పసుపు. జూన్ల పెడితే మార్చిల తవ్వుతం. ఎట్ల తప్పయితది?”

“తొమ్మిదే గదమ్మా!”

తడబడుతూ సారు జవాబుల కీ తెరిచాడు. ఏడో ప్రశ్నకు ఆయన చేత్తో కొట్టిన అంకె 90.

క్లాసు గొల్లుమంది.

“తొంభై నెలలా సార్? పసుపు పెట్టిన్నాడు పుట్టిన పోరడు, తవ్వేటాల్లకు రెండో తరగతి సదువుతడు!” అన్నాడు నరేష్.

సారుకూ నవ్వాగలేదు. “సున్నా ఎక్కువ పడ్డది. తప్పు నాదే,” అని దాన్ని తీసేసి, మార్కులు మళ్లీ వేయించాడు.

తెర మీద ముప్పై ఎనిమిది గడులు పచ్చబడ్డాయి. ఒక్కటి ఎర్రబడింది.

దీక్షితది. నొక్కి చూశాడు. ఆమె రాసిన జవాబు 90.

బాపురావు ఆ అంకెను మళ్లీ చూశాడు. పసుపు పండే జిల్లాలో ఏ పిల్లా సొంతంగా రాసే అంకె కాదది. అది ఉన్నది కీలోనే. నిన్న పరీక్ష అయ్యేదాకా ఆ కీ ఉన్నది ఇంట్లో తన కంప్యూటర్లోనే.

“గిది ఏడ సూసినవ్ బిడ్డా?”

క్లాసులో ఎప్పుడూ తండ్రిని ‘సార్’ అనే దీక్షిత ఏడుపు ఆపుకోలేకపోయింది.

“నేను ఫస్ట్ రాకుంటే నీ ఇజ్జత్ పోతదని, అమ్మనే తెరిచి సూపెట్టింది బాపూ!”