జేబులో ఫ్యూజు

చేతులు తుడుచుకునే గుడ్డ కోసం చొక్కా జేబు తడుముకున్న ఎలక్ట్రీషియన్‌కి గుడ్డ దొరకలేదు, ఫ్యూజు దొరికింది.

కాంట్రాక్టరుగారి బండి ఎంత దూరం వెళ్లి ఉంటుందని భార్యను అడిగాడు. షాపు ముందుగదిలో కూర్చుని ఫోన్లు చూసుకునే ఆమె, ఇప్పుడే కదా, ఇంకా పెద్ద రోడ్డెక్కి ఉండదంది.

"ఫోన్ తీసుకుని బండెక్కు. దారిలో చెప్తాను."

అతనికో అలవాటుంది. కారుకి పెద్ద స్టీరియో బిగించి పరీక్ష చేసేటప్పుడు ఫ్యూజు తీసి జేబులో వేసుకుంటాడు. దాని చోట ఓ రాగి ముక్క పెడతాడు. పరీక్షల్లో ఖరీదైన ఫ్యూజులు తగలబెట్టడం ఎందుకని ఈ పొదుపు. పని ముగిశాక జేబులోది బండిలోకి, బండిలోది జేబులోకి. జేబులో ఇంకా ఫ్యూజే ఉందంటే బండిలో రాగి ముక్క ఉండిపోయిందన్నమాట.

అదేమన్నా చిన్నాచితకా పాటల పెట్టా? కరెంటు పుట్టించే పెద్ద ఆల్టర్నేటరు, రెండో బ్యాటరీ, బొటనవేలంత లావు వైరు. ఆ వైరు ఇంజను పక్కనుంచి రేకులో ఉన్న కన్నంగుండా డిక్కీ దాకా వెళుతుంది. కుదుపులకి రేకుతో ఒరుసుకుంటే ఫ్యూజు తాను కాలిపోయి బండిని కాపాడుతుంది. రాగి ముక్కకి అంత త్యాగబుద్ధి లేదు. అది నిక్షేపంలా కూర్చుంటుంది, బండి తగలబడుతుంది. ఆ బండి వెనక సీట్లో కాంట్రాక్టరుగారి కవల కూతుళ్లున్నారు.

అంతా ఆయన తొందరవల్లే వచ్చింది. ఉదయం ఎలక్ట్రీషియన్ తన సొంత కారులో బిగించుకున్న కొత్త స్టీరియోని మోగించి చూసుకుంటుంటే వచ్చాడు. ఒక్క పాట విని, అచ్చం ఇలాంటిదే తన బండికీ కావాలన్నాడు. ఉన్నపళంగా చేతిలో పని వదిలించి, సాయంత్రం దాకా నెత్తిమీద కూర్చున్నాడు. ఆ మనిషి ఊపిరి తీసుకోనిస్తే గదా, ఏదైనా గుర్తుండటానికి.

"ఎత్తట్లేదండీ," అంది భార్య మూడోసారి ఫోన్ చెవికి ఆనించుకుని.

"ఎలా ఎత్తుతాడు? నేను పెట్టిన మోతకి పక్కన పిడుగు పడినా వినబడదు."

తన పనితనం చూసి మొదటిసారి అతనికి భయమేసింది. స్పీడ్ బ్రేకర్ల మీద బండి ఎగిరెగిరి పడుతోంది. ఆమె ఒక చేత్తో డాష్‌బోర్డు పట్టుకుంది, నెమ్మదిగా పొమ్మని బతిమాలింది.

"మనకేం కాదు. పిల్లలే, ఆ పిల్లలే," అన్నాడు అతను.

పెద్ద రోడ్డు మీద కాంట్రాక్టరుగారి ఎర్ర కారు కనిపించింది. అద్దాలు అదురుతున్నాయి. హారన్ కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఇక లాభం లేదని కిటికీ అద్దాలు దించి, తన స్టీరియో మోత చివరికంటా పెంచాడు. సీటు కింద దడదడలాడింది. భార్య చెవులు మూసుకుంది.

ఈసారి ఎర్ర కారులో కవలలిద్దరూ వెనక్కి తిరిగి చేతులూపారు. పందెమనుకున్నట్టున్నాడు కాంట్రాక్టరు, తన మోత ఇంకాస్త పెంచి వేగం అందుకున్నాడు. ఎలక్ట్రీషియన్‌కి ఏడుపొచ్చింది.

భార్య అతని భుజం పట్టి గట్టిగా కుదిపింది. "ఏదో కాలుతున్న వాసనండీ."

వైరు పైతొడుగు కాలే వాసన. ఇన్నేళ్ల పనిలో ఎరుగని వాసనా అది? అంటుకుందన్నమాట. కిటికీలోంచి గాలి ఆ వాసనను మొహాన కొడుతోంది. ఇంకెంతసేపు పడుతుంది, మంట లోపలికి రావడానికి?

పళ్లు బిగించి బండిని పక్కనుంచి ముందుకి లాగించి, ఎర్ర కారుకి అడ్డంగా ఆపాడు. బ్రేకులు కీచుమన్నాయి. ఇంజను కట్టేసే ఓపిక కూడా లేకుండా దూకి పరుగెత్తాడు.

"ఆపండి. ఇంజను ఆపండి. ముందు పిల్లల్ని దించండి."

అతని మొహం చూసి కాంట్రాక్టరు ఇంజను ఆపి గబుక్కున దిగాడు. కవలల్ని దింపి దూరంగా నిలబెట్టి, బానెట్ తెరిచాడు. ఎలక్ట్రీషియన్ బ్యాటరీ పక్కన డబ్బా మూత పీకాడు.

లోపల ఫ్యూజు ఉంది. కొత్తది, తళతళలాడుతోంది. వైరు పొడుగునా తడిమాడు. ఎక్కడా వేడి లేదు. రేకు కన్నం దగ్గర రబ్బరు తొడుగు కూడా బుద్ధిగా ఉంది. అమ్మయ్య అనుకున్నాడు. బంపరు మీద కూలబడ్డాడు. పిల్లలు బతికారు, అంతే చాలు. నవ్వొచ్చింది, కళ్లవెంట నీళ్లు కూడా వచ్చాయి.

"దాని కోసమా ఇంత హడావుడి? నా కళ్ల ముందే బిగించావు కదయ్యా. టార్చి పట్టుకున్నది నేనే," అన్నాడు కాంట్రాక్టరు.

"మరి నా జేబులో ఇదేంటి సార్?" అంటూ ఎలక్ట్రీషియన్ ఫ్యూజు తీసి చూపించాడు.

కాంట్రాక్టరు ఫ్యూజు వైపు చూడలేదు. అతని భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు.

"అదంతా తర్వాత. ముందు ఆ పొగ వచ్చే కారులోంచి చెల్లెమ్మను దింపు."