నీళ్ల మీద ఇన్సూరెన్సు

"మేడమ్, గీ ఓడ ప్రయాణానికి ఇన్సూరెన్సు తీసుకోవాల్నా, వద్దా? నిజం చెప్పున్రి."

మమతారాణి కంప్యూటర్ మీంచి తలెత్తింది. కరీంనగర్‌లోని ఆ ట్రావెల్స్ ఆఫీసుకు వచ్చేవాళ్లు ఎక్కువగా తిరుపతి అడుగుతారు, షిర్డీ అడుగుతారు. ఓడ అడిగేవాళ్లు అరుదు.

ఎదురుగా కూర్చున్న అమ్మాయికి పాతికేళ్లు దాటి ఉండవు. ఒళ్లో చీరల సంచులు. పేరు ఆమని. మంచిర్యాల నుంచి వచ్చిందట.

"పెండ్లయి యాడాదైంది మేడమ్, ఏడికీ పోలే. ఇప్పుడు ముంబైల ఓడెక్కి లక్షద్వీప్ పోయొద్దామన్నడు మా ఆయన. మా అవ్వేమో ఇన్సూరెన్సు లేంది నీళ్ల మీద కాలు పెట్టొద్దని ఒక్కటే పోరు. ఆయన అదంత దండుగంటడు."

మమతారాణి నవ్వింది. "ఓడ రైలు లెక్క కాదు చెల్లె. నడి సముద్రంల కడుపునొప్పి లేస్తే ఓడల డాక్టరే గతి. బిల్లు చూస్తే ఇంకో నొప్పి లేస్తది. జర ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగదు. నాకు కమీషనొస్తదని చెప్తలేను. నా సొంత చెల్లెకైనా తీసుకోమనే చెప్త."

అది నిజమే. ఎంతోమందిని ఓడ ఎక్కించిన మమతారాణి ఇంతవరకు సముద్రం చూడలేదు. డ్యూటీ మీద ఊళ్లు తిరిగే భర్తను అడిగినప్పుడల్లా 'లీవు దొరుకుతలేదు' అన్న జవాబే. అందుకేనేమో, ఓడ గురించి చెప్పేటప్పుడు తనే ఎక్కబోతున్నంత శ్రద్ధగా చెబుతుంది.

"మీరు మంచిగ చెప్తున్రు," అంది ఆమని. "బుకింగు మంచిర్యాల్లనే దోస్తు చేస్తడు, కరీంనగర్ల అడగొద్దన్నడు ఆయన. చీరెలకని వచ్చిన, మీ బోర్డు కనవడ్డది. ఆగున్రి, ఫోన్ చేస్త. గీ ముచ్చట ఆయనకే చెప్పున్రి."

స్పీకరు పెట్టి ఫోన్ బల్ల మీద ఉంచింది. ఇన్సూరెన్సు అన్న మాట పూర్తికాకముందే అవతలి గొంతు ఖంగుమంది.

"ఇన్సూరెన్సా? పాగల్ అయినవా? గా ఏజెంట్లందరు దొంగలే! నీ అసొంటి అమాయకులు దొరికితే చాలు, నున్నగ మాట్లాడి మోసం చేస్తరు!"

మమతారాణి ముఖం పాలిపోయింది.

ఏజెంట్లను తిట్టేవాళ్లు ఆమెకు కొత్త కాదు. నవ్వి ఊరుకోవడం అలవాటే. కానీ ఇవ్వాళ ఆ గొంతు 'మోసం' అంటుంటే నవ్వు రాలేదు. సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగింది. సగం నీళ్లు మెడ మీదే కారాయి.

"ఏమనుకోకున్రి మేడమ్," ఆమని ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి గుసగుసగా అంది. "నోరే గంత. మనసు వెన్న."

"ఎరికే చెల్లె," అంది మమతారాణి.

ఆమని పేరు, పుట్టినతేదీ అడిగి కంప్యూటర్లో నింపింది. ఆమె భర్తవి కూడా నింపింది. తర్వాత ఫోన్ వైపు వంగింది.

"నమస్తే సార్. మాది మోసం కాదు సార్."

అవతల చప్పుడు ఆగిపోయింది.

"హలో? లైను కట్టయిందా?" అంది ఆమని.

"లేదు..." ఇందాకటి గొంతేనా అనిపించేంత సన్నగా వచ్చింది మాట. "ఆమనీ, నువ్వు ముందు బయటికి రా. ఇన్సూరెన్సు వద్దు, ఓడా వద్దు."

"గదేంది? మాటిచ్చి తప్పుతవా? మా చుట్టాలందరికీ చెప్పుకున్న!" ఆమని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ నీళ్లు చూశాక మమతారాణి కుర్చీ ముందుకు జరుపుకుంది. ఈ పిల్ల ఏమీ ఎరగకుండా ఓడెక్కకూడదు అనుకుంది.

"తీసుకునుడు, తీసుకోకపోవుడు మీ ఇష్టం సార్. తీసుకుంటే మాత్రం ఏదీ దాచొద్దు. బీపీ గోలీలు వేసుకుంటరా?"

"అసొంటివేం లెవ్వు మేడమ్," ఆమనే అందుకుంది. "ఉక్కు లెక్కుంటడు."

"సార్‌ను చెప్పనీ చెల్లె."

ఫోన్ గొణిగింది. "వేసుకుంట."

"వేసుకుంటవా?" ఆమని నోరు తెరిచింది. "యాడాది సంది ఒక్క ఇంట్లుండి నాకెందుకు చెప్పలే?"

మమతారాణి తడి మెడను కొంగుతో తుడుచుకుంది.

"మేడమ్..." అన్నాడతను. "జర ఆగున్రి. ఆమెకేం తెల్వదు. నేనొస్త. నేనొచ్చినంక మాట్లాడుకుందాం."

"ఇన్సూరెన్సుకే గింత పరేషానా?" ఆమని ఏడుపు మధ్యలోనే నవ్వబోయింది.

మమతారాణి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో ఫోన్‌ను దగ్గరికి జరుపుకుని, ఒక్కో మాటా ఒత్తి పలికింది.

"ఫారంల నామినీ కాడ పెండ్లాం పేరు అడుగుతున్నరు, ఎవలి పేరు రాయాలె చెప్పు... ఆమనిదా, నాదా?"