వేరుకు పట్టిన మల్లె

“మా బసవమ్మ తలలో ఆ గడ్డని వేళ్లతో సహా పీకెయ్యండి డాక్టరుగారూ!” అన్నాడు చెంచయ్య.

డాక్టరు స్కాన్ ఫిల్మును వెలుగుకు పట్టాడు. “పీకలేమండీ. చుట్టూ ఉన్న మెదడే దానికి రక్తం అందించి పెంచుతోంది. గడ్డ ఎక్కడ ఆగిందో, మెదడు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.”

బసవమ్మ నొప్పెడుతున్న తలని చేత్తో అదుముకుని మొగుడి వైపు తిరిగింది.

“ఏమయ్యా, మన పొగాకు మొక్కల వేళ్లని కరుచుకుని పెరిగే మల్లె కలుపుని పీకుతామా?”

“పీకం. పైకొచ్చినప్పుడల్లా కాడ తుంచేస్తాం.”

“ఎందుకని?”

“పీకితే వేరు కదిలి మొక్క...”

చెంచయ్య డాక్టరు వైపు తిరిగాడు. “పైపైనే తుంచండి బాబూ,” అన్నాడు.

“ఈ ఏటి ఆకు కోతదాకా నిలబడతానా అండీ?” అని డాక్టర్ని అడిగింది బసవమ్మ.