చెవిలో క్లిప్పు

"మిషన్ పెట్టుకోప్పా. ఎంతని అరిచేది?" చందన్ గల్లాపెట్టె మీదికి వంగి తండ్రి చెవి దగ్గర కేకేశాడు.

నాగేంద్రప్ప జేబులోంచి క్లిప్పు తీసి, తీరిగ్గా చెవికి తగిలించుకున్నాడు. "ఇప్పుడు చెప్పురా."

"నీ సిగరెట్లు. అమ్మ చూడకముందే లోపల పెట్టుకో."

నాగేంద్రప్ప చెవులు భేషుగ్గా పనిచేస్తున్నాయి. ఆ క్లిప్పు చెవి నరానికి సన్నగా కరెంటు పంపుతుంది. చొక్కా కింద భుజానికి నికోటిన్ పట్టీ ఉంది. రెండూ కలిపి వాడితే సిగరెట్ మీద యావ తగ్గొచ్చని బెంగళూరు డాక్టరు ఇచ్చాడు. అంతకుముందు ఛాతీ ఎక్స్‌రే చూసి, "మానకుంటే ఏడాది కూడా కష్టం" అన్నదీ ఆయనే. ఆ మాట చందన్ కూడా విన్నాడు.

మానేస్తానని ఇదివరకు రెండుసార్లు చాటుకుని, బియ్యం మూటల వెనక పొగతో దొరికి, రాబర్ట్‌సన్‌పేట బజారంతటికీ నవ్వులపాలయ్యాడు. ఈసారి సరుకు చేతికొచ్చాకే బేరం చెప్పాలనుకున్నాడు. అందుకే క్లిప్పును వినికిడి మిషనని ఇంట్లో చెప్పి, ఈ దొంగ చెవుడు.

భార్య దాక్షాయణి తిట్టింది. డాక్టరు బెదిరించాడు. ఒక్క మాటా అనకుండా రోజూ ప్యాకెట్టు తెచ్చిపెట్టింది కొడుకొక్కడే. ఆ మంచితనాన్ని నాగేంద్రప్ప లాభంలోనే కలుపుకున్నాడు. ప్యాకెట్లు మాత్రం విప్పకుండా కుర్చీ కింది గోనెసంచిలో వేస్తూ వచ్చాడు.

నెల తిరిగింది. ఛాతీలో పిల్లికూతలు ఆగిపోయాయి. ఇవాళ ఆ సంచి కొడుకు ముందు బోర్లించి, వాడి మొహం చూడాలి. క్లిప్పులో కరెంటు ఆగగానే దాన్ని తీసి జేబులో వేసుకుని, సంచి కోసం వంగాడు.

అప్పుడే సునీల్‌కుమార్ వచ్చాడు. ఈ అంగడి కొనాలని ఎన్నాళ్ళుగానో తిరుగుతున్నాడు.

"పెద్దాయన ముందర మాట్లాడొచ్చునా?"

"మిషన్ తీసేసినాడు గదన్నా. ఉరుము ఉరిమినా వినబడదు."

నాగేంద్రప్ప లోలోపల నవ్వుకున్నాడు. కాసేపు ఆడించి, తర్వాత చెబుదామనుకున్నాడు.

"అంగడి ఇచ్చేదానికి ఒప్పుకున్నాడా?"

"ఈయన ఉన్నంతవరకు ఇయ్యడు. ఏడాది ఆగు."

"ఏడాది ఆగితే ఏమయితాది?"

"డాక్టరు పెట్టిన గడువు అదే."

చందన్ ప్యాకెట్టును తండ్రి చేతికి అందేలా జరిపి, ప్రేమగా నవ్వాడు.

"అది తప్పకూడదనే గదన్నా, రోజూ నేనే తెచ్చిపెడతాండేది."