రాళ్లగుట్టకు అటువైపు

గాలి ఒక్క విసురుకు గున్వోర్ తల మీది దోమతెర టోపీని ఎత్తుకుపోయింది.

అది వెళ్లి రాళ్లగుట్టకు అటువైపు పడింది. అటువైపంటే రష్యా.

మూడు దేశాలు కలిసేచోట పేర్చిన గుట్ట అది. ఈ పక్క నార్వే, ఇంకో పక్క ఫిన్లాండ్. ఈ రెండింట్లో ఎక్కడైనా నిలబడవచ్చు. గుట్ట చుట్టూ తిరిగితే మాత్రం నేరం. ఆ సంగతి పక్కనే బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

దోమలు ముసురుకున్నాయి. టోపీ రెండడుగుల దూరంలోనే ఉంది.

గున్వోర్ అటూ ఇటూ చూసి, గబుక్కున వెళ్లి తెచ్చేసుకుంది.

"అమ్మాయ్!"

వెనక బల్ల మీద ఒక ముసలాయన. ఒళ్లో బకెట్ నిండా నారింజరంగు అడవిపళ్లు.

"చదువుకున్నదానిలా ఉన్నావు. బోర్డు చదవలేదా?"

"టోపీ కోసమండీ. రెండడుగులేగా!"

"అదిగో, ఆ చెట్టు మీద కెమెరా. అది అడుగులు లెక్కపెట్టదు."

గున్వోర్ ముఖం పాలిపోయింది.

"సోమవారం నేను ఉద్యోగంలో చేరాలండీ. సరిహద్దు కార్యాలయంలోనే."

ముసలాయన పకపకా నవ్వాడు. "బాగుంది! ఇక మా సరిహద్దుకి ఢోకా లేదు."

"నవ్వకండి. మా నాన్న గనిలో కూలీ. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. నా మీద కేసు పడితే..."



పావుగంటలో ఇద్దరు నార్వే కుర్ర సైనికులు చెక్కబాట మీద పరుగున వచ్చారు.

"గుట్ట దాటిందెవరు? కొమ్మలడ్డం వచ్చి మనిషి సరిగా కనబడలేదు."

గున్వోర్ నోరు తెరిచింది. అంతలోనే మూసి, టోపీని వెనక్కి దాచుకుంది.

"నేనే బాబూ," అన్నాడు ముసలాయన.

"రూల్ తెలీదా తాతా?"

"నాకు తెలుసు. మోకాళ్లకే తెలీలేదు. తూలి అటు పడ్డాను."

"పేరు?"

"ఐలిఫ్. ఏటి మలుపు దగ్గరిల్లు."

సైనికుడు రాసుకుని, రష్యావాళ్లకూ తెలపాలన్నాడు. గున్వోర్ టోపీని జేబులోకి కుక్కుకుంది.

వాళ్లు వెళ్లాక ఆయనే అన్నాడు. "ఏడవకు. ముసలాణ్ని ఏం చేస్తారు? తిట్టి వదిలేస్తారు. ఇంద, నాలుగు పళ్లు తిను."

తిట్టి వదిలేయలేదు.

అక్టోబరులో ఆఫీసులో ఆమె బల్ల మీదికి రష్యా వైపు నుంచి ఒక జాబితా వచ్చింది. సరిహద్దు పల్లెల వాళ్లు వీసా లేకుండా వెళ్లిరావడానికి కార్డులుంటాయి. వాటిలో రద్దయినవాటి జాబితా. అందులో ఒకటే పేరు, ఐలిఫ్. కారణం: అక్రమంగా సరిహద్దు దాటడం.

"ఈయనా!" పై అధికారిణి నమ్మలేకపోయింది. "మూడేళ్లుగా వెళ్లొస్తున్నాడు. ఒక్క పొరపాటు లేదు. ఈ వయసులో ఇదేం బుద్ధి?"

"అయ్యో," అంది గున్వోర్. జాబితాని ఫైల్లో పెట్టేసింది.

అటువైపు పెట్రోలు చవక, అందరిలాగే ఈయనా దానికే వెళుతుంటాడులే అనుకుంది. అనుకున్నా నిద్ర పట్టలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక శనివారం పొద్దున్నే జరిగిందంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

"టోపీ అమ్మాయివి కదూ! రా, రా. ఉద్యోగం ఎలా ఉంది?"

కాఫీ పోశాడు. కిటికీ గట్టు మీద జాం సీసాలు వరుసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో తేదీ.

ఆమె కాగితం అందించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివాడు.

"కార్డు రద్దయినప్పుడైనా మీరు నిజం చెప్పేయాల్సిందండీ."

"ఒకసారి నేనే అన్నాక మళ్లీ కాదంటే ఎవరు నమ్ముతారు? వీసాకి కూడా పెట్టాను. ఆ కేసే అడ్డం వచ్చింది."

"సోమవారం ఇది మా ఆఫీసులో ఇచ్చేస్తాను. నా ఉద్యోగం పోతే పోనీ, మీ కార్డు మీకొస్తుంది."

ఐలిఫ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో వేశాడు.

"అయ్యో, ఎందుకండీ?"

"ఇప్పుడు కార్డుతో పనేముందమ్మా?"

గున్వోర్ సీసాల వైపు చూసింది. తేదీలన్నీ శనివారాలే. చివరిది రెండు వారాల కిందటిది.

"ఇవి... ఎవరికి?"

"మా రైసాకి. అటు తన పుట్టినూరి ఆసుపత్రిలో ఉండేది. మతిమరుపు ముదిరి మన భాష మొత్తం మరిచిపోయింది. వాళ్ల భాష మాత్రమే మిగిలింది. అందుకే అక్కడ ఉంచాను."

ఆయన చివరి సీసా మూత కాస్త బిగించి, మళ్లీ అక్కడే పెట్టాడు.

"నా పేరు తెలీదు, మొగుణ్నన్న సంగతీ తెలీదు. శనివారం మాత్రం పొద్దున్నుంచీ తలుపు వైపే చూస్తూ, జాం తెచ్చే అతను ఇంకా రాలేదేమని అడిగేదట, ఆఖరి శనివారం కూడా."