ఎర్ర పిడులు

“ఇది స్క్రూడ్రైవరా, పళ్ళు కుట్టుకునే పుల్లా?”

మామగారు ఆ ఎర్ర ప్లాస్టిక్ పిడిని కళ్ళజోడు దగ్గరగా పెట్టుకుని చూశారు. చేతుల వణుకుకి దాని మొన గాలిలో గీతలు గీస్తోంది.

“స్క్రూడ్రైవరే మామయ్యా. ‘ఏదైనా ఒకటే రేటు’ షాపులో సెట్టుగా దొరికింది,” అంది కోడలు.

“అక్కడ దువ్వెనలూ చీపుళ్ళూ కూడా దొరుకుతాయి. వాటితో కూడా విప్పుతావా నా పిట్టని?”

పిట్ట అంటే బల్ల మీది పంజరంలో ఉన్న రాగి పిట్ట. బొటనవేలంత ఉంటుంది. కీ ఇస్తే ఒకప్పుడు మెడ తిప్పి, రెక్కలాడిస్తూ పాడేదట. మామగారు బతుకంతా గడియారాలు బాగుచేసిన మనిషి. ఆయనకు పని నేర్పిన గురువు స్వయంగా చేసిచ్చిన బొమ్మ అది. ఏటా విప్పి శుభ్రం చేసి నూనె వేసేవారు. చేతులకు వణుకు వచ్చాక మానేశారు, పిట్ట మూగబోయింది. కోడలు ఈ ఇంటికి వచ్చాక దాని పాట ఒక్కసారి కూడా వినలేదు.

ఆదివారం పాత వస్తువుల వ్యాపారి వచ్చి దాన్ని తీసుకెళ్ళిపోతాడు. మూగపిట్టని ఎదురుగా పెట్టుకుని చూడలేనంటూ మామగారే కబురు పెట్టారు. ఆలోగా తననొకసారి ప్రయత్నించనివ్వమని కోడలు బతిమాలింది. బట్టల షాపులో బిల్లులు కొట్టే ఉద్యోగం ఆమెది. పాడైన అలారం గడియారాలు, కీ ఇచ్చే బొమ్మలు విప్పి బిగించడం సాయంత్రాల సరదా.

“అలమరలో నా పెట్టె ఉంది కదమ్మా. ఇత్తడి పిడులు, గట్టి ఉక్కు మొనలు. అవి తీసుకో.”

“వద్దు మామయ్యా. మీవి ఎక్కడ పాడుచేస్తానోనని నా చేతులూ వణుకుతాయి. ఇవైతే పోతే పోయాయి, భయం ఉండదు.”

“చవక సరుకు మెత్తగా ఉంటుంది. మొన జారి స్క్రూ తల చెడిందా, ఇక పిట్ట పని అయిపోయినట్టే.”

“ఇవే చాలని చూపిస్తే?”

“పనిముట్ల గురించి ఈ ఇంట్లో ఇంక నోరెత్తను.”

“నాన్నా, నువ్వు నోరెత్తకుండా ఉంటావా!” అన్నాడు ఆమె భర్త. “ఆ వింత చూడటానికైనా పిట్ట పలకాలి.”

స్క్రూలు ఆవగింజలంత ఉన్నాయి. మొదటి దాని మీదే మొన జారింది. మళ్ళీ పెడితే మళ్ళీ జారింది. దీపం దగ్గరగా జరిపి చూస్తే స్క్రూ తల మీద సన్నటి గీత. కోడలు స్క్రూడ్రైవర్ కింద పెట్టేసింది. ఇంకేమీ ముట్టుకోకుండా లేచి వెళ్ళింది.

భోజనాల దగ్గర మామగారు కొడుకుతో, “పొద్దున్నే ఒక జిగురు ట్యూబు తెచ్చిపెట్టరా. చెప్పు అట్ట ఊడి టపటపలాడుతోంది,” అన్నారు.

మర్నాడు సాయంత్రం ఆమె బిక్కుబిక్కుమంటూ మళ్ళీ కూర్చుంది. అదే స్క్రూ మీద మొన ఆనించి, ఊపిరి బిగబట్టి తిప్పింది. కదిలింది.

“మామయ్యా, వచ్చేసింది!”

“ఏదో అదృష్టం,” అన్నారాయన పేపరు చాటునుంచి.

“అదృష్టం కాదు, చేయి కుదిరింది. కాకపోతే పై మెరుపు ఒక్కరోజుకే పోయినట్టుంది. మొనలు నల్లబడ్డాయి.”

“చవక మెరుపు అంతేనమ్మా.”

పేపరు పట్టుకున్న వేళ్ళకి ప్లాస్టర్లు కనిపించాయి. “అదేమిటి మామయ్యా?”

“పండు కోసుకుంటుంటే తెగింది.”

“నాతో చెబితే కోసిచ్చేదాన్ని కదా,” అని మందలించి పనిలో పడిపోయింది.

పిట్ట అడుగు పలక ఊడి వచ్చేసరికి ఆమె దీపం ఇంకా దగ్గరికి జరిపింది. లోపల వెంట్రుకంత తీగలు, నువ్వుగింజంత పళ్ళున్న చక్రాలు, గోరంత తోలు తిత్తి. ఇంత చిన్న పొట్టలో ఇంత పనిని ఒక మనిషి చేతులతో అమర్చాడా!

“ఆ తిత్తి ఊపిరే పాట,” అన్నారు మామగారు. ఎప్పుడు వచ్చారో, కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఆయన చెప్పడం, ఆమె తుడవడం, బిగించడం.

ఆదివారం పొద్దున ఆఖరి స్క్రూ బిగించి కీ ఇచ్చింది. ఏమీ జరగలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు పిట్ట మెడ తిప్పింది. ముక్కు తెరిచింది. రాగి రెక్కలు వణికాయి. గదంతా పాట. ప్రాణం లేని లోహంలోంచి అంత ప్రాణమున్న గొంతు! పళ్ళు తోముకుంటున్న భర్త చేయి నోటి దగ్గరే ఆగిపోయింది. కోడలికి ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఇంత అందం తన చేతుల మీదుగా బయటికి వచ్చిందంటే నమ్మలేకపోయింది. గుమ్మంలోకి వచ్చిన వ్యాపారి పాట అయ్యేదాకా కదలలేదు. “దీన్ని ఇక మీరు అమ్మరు,” అని తనే చెప్పి, నవ్వి వెళ్ళిపోయాడు.

“ఇప్పుడేమంటారు మామయ్యా? సరదాకి చేసుకునేవాళ్ళకి చవకవి చాలవూ?”

“చాలుతాయమ్మా. ఓడిపోయాను. ఇక నోరెత్తను.”

కళ్ళు తుడుచుకుంటూ, చెప్పులు టపటపలాడించుకుంటూ ఆయన పెరట్లోకి వెళ్ళారు.

“జిగురు తెచ్చిచ్చాను కదా నాన్నా!” అని అరిచాడు కొడుకు. “అదీ ఆ షాపుదేలే, అంటుకుని ఉండదు.”

కోడలు మాత్రం నవ్వలేకపోయింది. బతుకంతా నమ్ముకున్న పనిముట్లు ప్లాస్టిక్ పిడుల ముందు ఓడిపోతే పెద్దాయన మనసు ఎంత చివుక్కుమందో! వచ్చే ఏడు నూనె వేసేటప్పుడు మీవాటితోనే విప్పుతానని చెప్పాలనుకుంది. అలమరలోంచి ఆయన పెట్టె దించింది. మూత మీద దుమ్ము లేదు. తెరిచింది.

మఖమల్ గుడ్డ మీద వరసగా ఉన్నవన్నీ మొనల్లేని ఇత్తడి పిడులే.