తాళం పడిన ఆదివారం

“ఆగండి! ఆ సంచి కింద పెట్టండి.”

త్రివేణి కేకకు గేటు దగ్గర నూకరాజు ఉలిక్కిపడి ఆగిపోయాడు.

ఆదివారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఆ పెద్దమనిషి, త్రివేణి నడిపే పిల్లల తోటలోంచి బరువైన గోనెసంచితో బయటికొస్తున్నాడు.

దొంగ దొరికాడు అనుకుంది త్రివేణి. వంకాయలు కోతకొచ్చి వారమైంది మరి!

ఏడాది కిందట, తోట మొదలైన ఆదివారమే వచ్చాడాయన. “వర్క్‌షాపులో రిటైరయినానమ్మా. పిల్లలకి మట్టిపని నేర్పుతాను” అన్నాడు.

పిల్లలతో పనిచేయాలంటే ఏమేం కావాలో త్రివేణి కాగితం తీసి చదివింది. పోలీసు వెరిఫికేషన్. మనిషి తెలుసని ఇద్దరి సంతకాలు. అవి లేనిదే, పిల్లలున్నప్పుడు తోటలో కాలు పెట్టకూడదు.

“నన్నెరిగినోళ్లందరూ రిటైరై ఊళ్లకెళ్లిపోనారు. సంతకం ఎవల్నడగనమ్మా?”

“నేనేం చేయలేనండీ. రూల్ అంటే రూల్.”

“పిల్లలున్నప్పుడే కదా?” అని మళ్లీ అడిగి, “మంచి రూలమ్మా” అంటూ వెళ్లిపోయాడు.

మెచ్చుకున్నాడో, ఎత్తిపొడిచాడో అప్పుడామెకు అంతుపట్టలేదు.

ఇప్పుడు పట్టింది. పిల్లలు లేనప్పుడొచ్చి దోచుకుపోవడానికన్నమాట!

“సంచి షెడ్డులో పెట్టేసి వెళ్లండి. మళ్లీ లోపల కనిపిస్తే పోలీసులకు చెప్తాను.”

ఆయన వెనక్కి తిరిగాడు. సంచి మోసుకెళ్లి షెడ్డు మూల పెట్టాడు.

“అందులో సెయ్యి పెట్టకమ్మా. జాగర్త.”

దొరికిపోయీ ఎంత పొగరు! ఒళ్లు మండిపోయింది త్రివేణికి. సంచి వైపు చూడనైనా చూడకుండా వెళ్లి, గేటుకు తాళం కొనుక్కొచ్చి వేసింది.

అసలే ఆమె ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంది. రైల్వే వర్క్‌షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ చివర, ఒకప్పుడు పాత ఇనుము పోసిన ఆ జాగాను రైల్వేవాళ్లు ఏడాదికే ఇచ్చారు. ఏ ఒక్క పిల్లకు దెబ్బ తగిలినా వెనక్కి తీసుకుంటామన్నారు.

వచ్చే ఆదివారమే ఆఖరి తనిఖీ.

ఆ రోజు రానే వచ్చింది. ముందు రాత్రి వాన దంచికొట్టింది.

తాళం తీస్తుంటే రోడ్డవతల నూకరాజు!

“అమ్మా, వానకి మట్టి కదిలుంటాది. ముందు మట్టి సూసుకో.”

“మా తోట సంగతి మాకు తెలుసు. మీరు వెళ్లండి.”

ముప్పైమంది పిల్లలు గ్లౌజులు తొడుక్కుని మడుల్లోకి దిగారు. ఆఫీసరు జీపు వచ్చి ఆగింది.

అప్పుడే ఫణిశ్రీ చెయ్యెత్తింది. “దీదీ, మేకు!”

వేలెడంత తుప్పు మేకు. పక్క మడిలో ఇంకొకటి. ఆ పక్కన గాజుపెంకు.

త్రివేణి పరుగున వచ్చి మేకు చేతిలోకి తీసుకుంది. వెంటనే ఈల ఊదింది.

ఆ ఒక్క ఈలకే ముప్పైమందీ పని ఆపేశారు. పలుగులు కింద పెట్టి, చేతులు పైకెత్తి, తోసుకోకుండా ఒకరి వెనక ఒకరు మడులు దాటి బయటికొచ్చారు. ఏడాదిగా నేర్పిన పాఠం.

ఒక్కరికీ చిన్న గీతైనా పడలేదు.

ఆఫీసరు కళ్లార్పకుండా చూశాడు. దెబ్బలు నమోదు చేసే రిజిస్టరు మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు.

“పూరే సాల్ మే ఏక్ భీ చోట్ నహీ? ఏడాదంతా ఒక్క దెబ్బా లేదా? శాబాష్! ఇంకో అయిదేళ్లు ఈ జాగా మీదే.”

పిల్లల కేకలకు పక్క లైన్లో గూడ్సు చప్పుడే వినబడలేదు. తోటలో త్రివేణికి తోడుండే పైడమ్మ, ఇంత వయసులోనూ ఖాళీ బకెట్టు వాయిస్తూ చిందులేసింది.

గెలిచాం! త్రివేణికి ఆనందంతో కళ్లు చెమర్చాయి.

అంతలో చేతిలో ఉన్న మేకు గుచ్చుకున్నట్టయింది. వానలు ఏడాదంతా పడ్డాయి. ఒక్కనాడూ ఒక్క మేకు బయటపడలేదు. ఇవాళే ఎందుకు?

షెడ్డులోకి పరుగెత్తి సంచి బోర్లించింది.

మేకులు. బోల్టులు. తీగముక్కలు. గాజుపెంకులు. ఓ పాత జల్లెడ, తాడు కట్టిన అయస్కాంతం.

వంకాయ ఒక్కటంటే ఒక్కటి లేదు.

సిగ్గుతో తల వాలిపోయింది. గేటు దాకా ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. కంచె అవతల నిలబడి, నూకరాజు పిల్లలకేసి చూస్తూ చప్పట్లు కొడుతున్నాడు.

“బాబాయ్, నన్ను క్షమించండి. లోపలికి రండి!”

“ఏటమ్మా, పిల్లలున్నారు కదా. నా కాయితం ఇంకా అవలేదు” అన్నాడాయన, అడుగు ముందుకేయకుండానే.

త్రివేణి షెడ్డులోకెళ్లి, పోలీసు వెరిఫికేషన్‌కు పంపాల్సిన ఫారం తెచ్చింది. మనిషి తెలుసని ఒక సంతకం తను పెట్టింది, రెండోది పైడమ్మ పెట్టింది.

‘సేవ మొదలుపెట్టిన తేదీ’ అన్నచోట, ఏడాది కిందట ఆయన్ని తను గేటు దగ్గరే ఆపేసిన ఆ తొలి ఆదివారం తేదీ వేసింది.